మామగారి తుపాకీ, నా కాఫీ ఫిల్టరు

మా మామగారు పోతూ పోతూ మాకు ఒక తుపాకీ వదిలి వెళ్లారు. ఇత్తడి తూటాల్లో తుపాకీమందు దట్టించి పేల్చే పాతకాలపు రైఫిలు. లైసెన్సు ఉంది, ఆయన పోయాక పేల్చింది మాత్రం లేదు. ఎన్నికలొచ్చినప్పుడల్లా దాన్ని పోలీసు స్టేషన్లో అప్పగించాలి. మన దేశంలో ఎన్నికలు రాని ఏడు ఏది? మా ఇంట్లో కన్నా స్టేషన్లోనే అది ఎక్కువ కాపురం చేసింది.

మా అత్తకు ఒకటే కోరిక. "మీ నాయన పేలిస్తే గుండె అదిరేదప్పా. చెవులు పూరా పోకముందే ఆ సప్పుడు ఇంగొకసారి వినల్ల" అని కొడుకును అడిగింది.

మా ఆయన ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి. అమ్మ అడిగింది కదా, పేల్చేసి రావచ్చు. అబ్బే, ముందు తూటాలు నింపే పనిముట్లు కావాలట, అవీ సొంతంగా చేసుకోవాలట! నా కాఫీ ఫిల్టరు పైగిన్నె మందు జల్లించే జల్లెడ అయిపోయింది. కర్టెను కడ్డీ కోసి మందు జారవిడిచే గొట్టం చేశాడు. సైకిలు పంపు గొట్టానికి అంచు సానబెట్టి, తూటాలో మందు మీద పెట్టే అట్టబిళ్లలు దాంతో కత్తిరించేవాడు. అట్ట ఎక్కడిదంటారా? మాకొచ్చిన పెళ్లిపత్రికలది. వినాయకుడి బొమ్మ జోలికి మాత్రం పోడు, అంత భక్తి! ముహూర్తం తూటాలోకి పోయి, మేం వెళ్లని పెళ్లిళ్లు కూడా ఉన్నాయి.

"ఇంక చాలు, పేల్చండి మహానుభావా" అంటే, "బిళ్ల రవ్వంత లూజుగా ఉండాది" అనేవాడు. అటు అత్త చెవులు మూసుకుపోతున్నాయి, ఇటు ఈయన పనిముట్లు పెరిగిపోతున్నాయి. నాకు ఒళ్లు మండేది.

చివరికి మొన్న దసరాకు ఏ ఎన్నికలూ లేవు. ఊరి బయట ఒక షూటింగ్ రేంజిలో అనుమతి కూడా దొరికింది, సరిగ్గా ఆయుధపూజ మర్నాడు. మా బెంగళూరులో పూజ రోజు మిక్సీకి కూడా బొట్టు పెడతాం, తుపాకీకి పెట్టకుండా ఉంటామా? నింపిన తూటాలూ పనిముట్లూ మా ఆయన పీట మీద పేర్చాడు. మందు దగ్గర దీపం వద్దంటే వద్దని పోట్లాడి నేను గెలిచాను.

మర్నాడు రేంజిలో అత్తను కుర్చీలో కూర్చోబెట్టాం. రూలు ప్రకారం అక్కడి మనిషి ఆమెకు చెవులు మూసేసే మఫ్‌లు తగిలించాడు, చప్పుడు వినడానికే వచ్చిన మనిషికి! మా ఆయన గురిపెట్టాడు. అత్త ముందే కళ్లు మూసుకుని ఉలిక్కిపడింది.

టిక్కుమంది, అంతే. కాసేపు ఆగి ఇంకో తూటా పెట్టాడు. అదీ టిక్కే. అన్నీ అంతే. చివరి తూటా బయటికి తీసి వాసన చూస్తే చింతపండు వాసన.

అత్త మఫ్‌లు తీసేసి ఆ తూటాను చూసి మురిసిపోయింది. "తళతళలాడతా ఉండాది కదా? పూజకు నల్లబడిన ఇత్తడి పెడతారా ఎవరన్నా? నేనే చింతపండేసి అన్నీ తోమి, కడిగి పెట్టినా."

లోపల మందంతా తడిసిందని చెప్పడానికి నేను నోరు తెరిచేలోపే ఆమె కొడుకు చెయ్యి పట్టుకుంది. కళ్లలో నీళ్లు. "ఏం సప్పుడప్పా! అచ్చం మీ నాయన పేల్చినట్టే ఉండాది."

మా ఆయన ఆ తడి తూటాను జేబులో వేసుకున్నాడు. ఆమె చెవి దగ్గరికి వంగి గట్టిగా చెప్పాడు.

"ఇంగా బాగా రావల్లమ్మా. బిళ్ల రవ్వంత లూజు."