రెడీమేడ్ ముట్టని అల్లుడు

మా అల్లుడు గడియారాలు బాగుచేస్తాడు. చక్కగా నడుస్తున్న గడియారమైనా సరే, విప్పి చూడందే అతనికి నిద్ర పట్టదు. ఇంట్లో కంప్యూటర్‌కీ అదే గతి. తయారుగా దొరికే ప్రోగ్రాములు ముట్టడు. మనుషులు రాసిన మూలపాఠం, అదే సోర్స్ కోడ్, తెచ్చుకుని ఒక్కొక్కటీ ఇంట్లోనే కంపైల్ చేసుకుంటాడు, అంటే యంత్రానికి పనికొచ్చేలా కట్టుకుంటాడు. కంప్యూటర్‌ని నడిపే లినక్స్‌ని రెడీమేడ్‌గా తెచ్చి వాడుకునే పక్కింటి బేకరీ ఆయన కనబడితే, అరువు చొక్కా తొడుక్కున్నవాణ్ణి చూసినట్టు ముఖం పెడతాడు.

సోమవారం కొత్త కంపైలర్, అంటే ఆ కట్టే పని చేసిపెట్టే ప్రోగ్రాము, వచ్చింది. పాతదానితో కట్టిన సరుకు ఇక ఇంట్లో ఉండటానికి వీల్లేదన్నాడు. ఎనిమిది వందల నలభై ప్రోగ్రాములూ మళ్లీ మొదటినుంచి! కంప్యూటర్ పెట్టె ఎంత వేడెక్కిందంటే, దాని వెనక తాడు కట్టి మా అమ్మాయి మూడు రోజులు బట్టలారేసింది. నాలుగో రోజు నా చొక్కా కమిలితే మానేసింది.

అమ్మాయి నర్సు. పన్నెండేళ్ల సర్వీసు తర్వాత హెడ్ నర్సు పోస్టు పడింది. శుక్రవారం సాయంత్రం ఐదింటిలోగా దరఖాస్తు పంపాలి. సర్టిఫికెట్లన్నీ ఆ పెట్టెలోనే ఉన్నాయి.

"ఏమండీ, బ్రౌజర్ ఎప్పటికి తెరుచుకుంటుంది?"

"ఆరువందల పన్నెండు అయ్యాయి. బ్రౌజర్ చివర్లో."

"పాతదే తెరవండి."

"మొన్ననే తీసేశాగా. పాత కంపైలర్‌తో కట్టింది!"

"నేనూ పాతదాన్నేగా. నన్నూ తీసేసి మళ్లీ కట్టుకోండి."

శుక్రవారం మధ్యాహ్నం శుభ్రత మరీ ఎక్కువై, పాత కంపైలర్నే తుడిచిపారేశాడు. కొత్తది ఇంకా దాని భుజాలమీదే నిలబడి ఉందట. రెండూ కలిసి కూలాయి, తెర నల్లబడింది. మళ్లీ కంపైలర్ కట్టాలంటే ముందు ఒక కంపైలర్ ఉండాలి. అల్లుడు తెల్లముఖం వేసుకుని నా వంక చూశాడు.

"మామయ్యగారూ, మీరొకసారి పక్కింటికి..."

"నా కాళ్లు మరీ పాతవి నాయనా. నువ్వే వెళ్లు."

వెళ్లాడు. బేకరీ ఆయన పిండి చేతులతోనే వచ్చి, తన లినక్స్ ఉన్న పెన్‌డ్రైవ్ పెట్టాడు. రెండు నిమిషాల్లో తెర వెలిగింది. అమ్మాయి సర్టిఫికెట్లు వెతికి పట్టుకుని, ఐదుకి పది నిమిషాలుండగా దరఖాస్తు పంపేసింది.

అల్లుడి నోరు ఊరుకోలేదు. "ఇది ఏ కంపైలర్‌తో కట్టారండీ?"

"ఏమో బాబూ. పెడితే వెలుగుతుంది."

"ఒక్కసారి ఇస్తే, విప్పి..."

"చెయ్యి తియ్యండి!" అంది అమ్మాయి.

తీశాడు. హెడ్ నర్సుగా అది ఆమె మొదటి ఆర్డరు. ఉద్యోగం కాగితం మాత్రం మూడు వారాలు ఆలస్యంగా వచ్చింది.