కన్న మరియ కాదు, కన్య మరియ

మా అమ్మాయి పోయిన నెలలో కామెర్లు ముదిరి చనిపోయింది. ఆమె మట్టికి మన చర్చివాళ్ళు మీలో చాలామంది వచ్చారు. సండే స్కూల్లో మీ పిల్లలకు ఆమే టీచరు. నేను మూడో తరగతి దాకే చదివాను. ఇందులో తప్పులుంటే దిద్దుకుని చదవండి. ఆమె ఉంటే ఆమే దిద్దేది.

చర్చిలో అందరం కలిసి చెప్పే విశ్వాస ప్రమాణం నేను విని నేర్చుకున్నదే. "కన్య మరియ" అనాల్సిన చోట ఇన్నేళ్ళూ "కన్న మరియ" అనే అన్నాను. ఒక ఆదివారం మా అమ్మాయి పక్కన నిలబడి విన్నది. బయటికి వచ్చాక ఒకటే నవ్వు.

"కన్న కాదే అమ్మా, కన్య."

"యేసయ్యను కన్నది కద బిడ్డా, కన్న మరియ కాకపోతే ఏందీ?"

"కన్యగ ఉండి కన్నది. గదే సంగతి."

బోయిగూడలో ఇంటి దాకా నడుస్తూ, సండే స్కూలు పిల్లలకు చెప్పినట్టే చెప్పింది. "అంటే అండ్ల మనిషి బలం ఏం లేదమ్మా. ఆ బిడ్డ దేవుడిచ్చిన బిడ్డ. మరియమ్మ సరే అన్నది, అంతే. యోసేపు కన్నతండ్రి కాదు. అయినా పేరు పెట్టి, నా కొడుకన్నడు."

ఎందుకు చెప్తోందో నాకు బాగానే అర్థమైంది. పెళ్ళయి ఎనిమిదేళ్ళయినా పిల్లలు లేక, ఆమె, అల్లుడు ఆ ఏడే ఒక పాపను దత్తత తెచ్చుకున్నారు. "ఎవరు కన్నదో ఏమో, నన్ను అమ్మమ్మ అనిపించకు" అన్నాను నేను. పాపను అందించినప్పుడల్లా చేతులు తడిగా ఉన్నాయనేదాన్ని.

"నీ చేతులు ఎప్పుడు ఆరుతయే అమ్మా?" అని నవ్వేది. ఆ నవ్వు వెనక ఏముందో నేను అడగలేదు.

ఆసుపత్రిలో చివరి రోజుల్లో ఒక్కటే అడిగింది. "పాపకు అమ్మమ్మవు నువ్వే కదా?" నేను తల ఊపాను. నోటితో అనాల్సింది. రేపు అందాములే అనుకున్నాను. తెల్లారేసరికి ఆమెకు స్పృహ లేదు.

అల్లుడు పనికి పోతాడు కాబట్టి పాప ఇప్పుడు నా దగ్గరే ఉంటుంది. మూడేళ్ళు నిండాయి. మొన్న అంగన్‌వాడీలో చేర్పించడానికి తీసుకుపోయాను. టీచరమ్మ అడిగింది, "మీకేమైతది ఈ పాప?"

"నా మనవరాలు" అన్నాను.

టీచరమ్మ రాసుకుంది. ఆ మాట వినాల్సిన మనిషి లేదు. పాప గడప దగ్గర చెప్పులు విడిచి, లోపలికి రెండడుగులు వేసి, నేను ఉన్నానో వెళ్ళిపోయానో అని వెనక్కి తిరిగి చూసింది.