ఎవరూ చూడని నెలవంక

నా చిన్నప్పుడు మా ఇంట్లో పండుగ తారీఖు గోడ మీది క్యాలెండరు చెప్పేది కాదు, మా తాతయ్య చెప్పేవాడు. ఏటా ఎండాకాలం మొదట్లో మట్టెవాడలో మా మిద్దె మీదికెక్కి, పడమట నెలవంక కనబడిన మర్నాటి నుంచి రోజులు లెక్కపెట్టి, పద్నాలుగో నాటి సాయంత్రం పస్కా పండుగ అనేవాడు. బైబిల్లో ఆ పండుగకు లెక్క అలాగే ఉందని ఆయన పట్టుదల. క్రైస్తవుల్లోనే మా చుట్టాలు చాలామంది దీన్ని చాదస్తం అనేవాళ్ళు. అయినా స్టేషన్ ఘన్‌పూర్ వైపు నుంచీ ములుగు వైపు నుంచీ పది పన్నెండు కుటుంబాలు ఆయన చెప్పిన రోజునే మా ఇంటికి వచ్చి, పులియని రొట్టెలూ చేదుకూరా మాతో కలిసి తినేవి.

నాకు తొమ్మిదేళ్ళు వచ్చేసరికి తాతయ్య కళ్ళకు పొర కమ్మింది. ఎదురుగా నిలబడ్డ మనిషినే గొంతు వింటే గాని పోల్చుకోలేడు, ఇక నెలవంక ఏం కనబడుతుంది? అందుకని ఆ ఏడు చూసే పని నాకు అప్పగించాడు. ఆ గొప్ప నేను బళ్ళో అందరికీ చెప్పుకున్నాను, అడగనివాళ్ళకు కూడా.

అయితే నా లెక్క నాకుంది. అప్పటిదాకా మార్కెట్లో బస్తాలు మోసిన మా నాయన ఆ ఏడే లారీ డ్రైవరయ్యాడు. రెండు వారాల తర్వాత వచ్చే గురువారం పొద్దున్నే మిర్చి లోడుతో కలకత్తా బయలుదేరాలని లారీ సేటు ముందే చెప్పాడు. ఈ బుధవారం నెలవంక కనబడితే పండుగ భోజనం కూడా బుధవారమే పడుతుంది, నాయన మా మధ్య ఉంటాడు. గురువారం కనబడిందా, మేం రొట్టె విరిచే వేళకు ఆయన ఏ రోడ్డు మీదో ఉంటాడు. నాయన లేని పండుగ నేనెరగను. ఎరగాలని కూడా లేదు.

బుధవారం సాయంత్రం మిద్దె మీద మేం ముగ్గురం ఉన్నాం. తాతయ్య, నేను, ఘన్‌పూర్ నుంచి వచ్చిన సంఘపెద్ద. నేను చూశానని చెప్పగానే రైలెక్కి తన వైపు వాళ్ళకు తారీఖు చెప్పాలని ఆయన చేతిసంచి కూడా కింద పెట్టలేదు. పొద్దుగూకింది. పడమట సన్నటి మబ్బు పరుచుకుంది. రెప్ప వేయకుండా చూసి చూసి కళ్ళలో నీళ్ళు తిరిగాయి గాని నెలవంక రాలేదు. "ఏమన్న కనబడ్డదా పోరీ, నాకు రైలు పోతది" అని సంఘపెద్ద మూడోసారి అడిగాడు. వెలుగు తగ్గిపోతోంది.

"కనబడ్డది!" అన్నాను.

సంఘపెద్ద "స్తోత్రం" అని మెట్ల వైపు తిరిగాడు. తాతయ్య కదల్లేదు. "జర ఆగు" అని ఆయన్ను ఆపి, నన్ను దగ్గరికి పిలిచి చేయి చాపాడు. "ఎట్లున్నదో నా అరచేతిల గియ్యి బిడ్డా" అన్నాడు.

గీయడానికేముంది, పలక మీద ఎన్నిసార్లు గీయలేదు! కొమ్ములు రెండూ పక్కకు తిరిగి నిలువుగా నిలబడ్డ చంద్రుణ్ణి వేలితో గీశాను.  తాతయ్య మెల్లగా పిడికిలి మూశాడు. ఎక్కడో దొరికిపోయానని తెలిసింది గాని, ఎక్కడో తెలియలేదు.

"ఇయ్యాల లెక్కకు రాదు. రేపు చూద్దాం" అన్నాడు సంఘపెద్దతో.

"పిల్ల చూసిన అంటాంది గద!"

"అన్నది. నాకే మనసు ఒప్పుతలేదు."

సంఘపెద్దకు కోపం ఆగలేదు. "కండ్లు లేకపాయె. కండ్లున్న పిల్ల మాటన్న ఇనకపోతివి. అవతల మందికి నేనేం చెప్పాలె?" అని అరిచాడు. ఆ అరుపుకు వాకిట్లో ఉన్న అమ్మ తలెత్తి పైకి చూసింది. ఇక తాతయ్య నా అబద్ధం బయటపెడతాడని నేను పిట్టగోడకు అతుక్కుపోయాను. ఆయన నా తల మీద చేయి వేసి ఊరుకున్నాడు.

మర్నాడు ఆకాశం తేటగా ఉంది. నెలవంక నిజంగానే కనబడింది. నేను గీసినట్టు నిలబడి లేదు. కొమ్ములు రెండూ పైకి పెట్టి, పసిపిల్ల తొట్టెలలాగా వెల్లకిలా పడుకుని ఉంది. మా వైపు ఎండాకాలం మొదట్లో అది అలాగే పడుకుంటుందని, యాభై ఏళ్ళుగా చూస్తున్న మనిషికి ఆ సంగతి కళ్ళు లేకపోయినా తెలుస్తుందని నాకేం తెలుసు? తాతయ్య మళ్ళీ చేయి చాపాడు. కనబడ్డది కనబడ్డట్టే గీశాను. "ఆఁ, ఇది నెల" అన్నాడు. అంతే, ఏడుపు ముంచుకొచ్చింది. నాయన సంగతి మొత్తం చెప్పేశాను.

ఆయన తిట్టలేదు. దూర ప్రయాణంలో ఉండి పండుగ తప్పిపోయినవాళ్ళకు మరుసటి నెల పద్నాలుగో నాడు మళ్ళీ చేసుకునే ఏర్పాటు మోషే కాలంలోనే ఉందని చెప్పాడు. "మీ నాయినకు దినం ఉండనే ఉన్నది బిడ్డా. నన్ను అడిగితే అయిపోతుండె గద" అన్నాడు. నెల తిరిగాక నాయన ఒక్కడి కోసం అమ్మ మళ్ళీ రొట్టెలు కాల్చింది. "నా ఒక్కనికి ఇంతెందుకే" అంటూనే నాయన కడుపునిండా తిన్నాడు.

అక్కడితో అయిపోయుంటే నేనిది రాసేదాన్ని కాదు. ఆ గురువారం నెలవంక కాస్త లావుగానే కనబడింది. బుధవారం అది మబ్బు చాటున ఉందేమో గాని, కంటికి కనబడితేనే తాతయ్యకు లెక్క. ఘన్‌పూర్‌లో దాన్ని చూసిన సంఘపెద్ద, అది రెండో నాటి చంద్రుడనీ, పిల్ల చెప్పిందే నిజమనీ, చూపులేని ముసలాయన మొండితనానికి పండుగ ఒక రోజు తప్పిందనీ అందరికీ చెప్పాడు. వాళ్ళంతా ఆ ఏడు బుధవారమే చేసుకున్నారు. మరుసటేడు నుంచి తారీఖు కోసం తాతయ్య దగ్గరికి ఎవరూ రాలేదు. నెల పొడిచే సాయంత్రం ఆయన మాత్రం మిద్దె ఎక్కేవాడు. "పిల్ల చూడలేదు" అని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. అది నేను అనవలసిన మాట. రేపు చెబుదాం, మాపు చెబుదాం అనుకుంటూనే నేను పెద్దదాన్నయ్యాను, ఆయన పోయాడు, సంఘపెద్దా పోయాడు.

చూడనిది చూశానని ఆ తర్వాత నేనెన్నడూ అనలేదు. అది చాలదని నాకు తెలుసు. ఆ కుటుంబాల పిల్లలో మనవలో ఎవరైనా చదువుతారని ఇన్నాళ్ళకు రాస్తున్నాను. ఆ బుధవారం నేను నెలవంకను చూడలేదు. మా తాతయ్య లెక్క తప్పలేదు.