బ్రేక్ క్యూ పట్టుకెళ్ళిన రఫీ

రఫీ నాకు అన్యాయం చేశాడు. ఇద్దరం కలిసి పూల్ ఆటకి రెండు క్యూ కర్రలు కొనుక్కున్నాం. బంతుల్ని చెదరగొట్టే బ్రేక్ దెబ్బకి మొరటుది, తర్వాతి ఆటకి మంచిది. బ్రేక్ ఎప్పుడూ వాడిదే. ఈ రోజు పనికి మైలవరం వెల్డింగ్ షెడ్డుకి మారిపోతూ మొరటుది పట్టుకెళ్ళి, మంచిది నా వెల్డింగ్ బల్ల మీద వదిలేశాడు. ఫోన్ చేసి తిట్టాను.

"అక్కడ పూల్ బల్లే లేదు కదరా, ఆ కర్ర ఎందుకు నీకు?"

"నేను లేకుండా నువ్వు ఇంకోడితో ఆట మొదలెట్టకూడదని," అన్నాడు వెధవ.

ఫోన్ పెట్టేసి ఈ పోస్ట్ పెడుతున్నా.

రఫీ, ఆదివారం సాయంత్రం ఐదింటికల్లా ఆ కర్రతో విజయవాడ రా. లేదంటే ఈ మంచిదాంతోనే బ్రేక్ కొడతా. దీని కొన తోలు చితికిపోతే పాపం నీదే. వస్తున్నావో లేదో రేపు పొద్దున్నలోగా ఇక్కడే, అందరి ముందూ చెప్పు.