కణాలు చావలేదు

జ్ఞానప్రసూన అమెరికాలో షాంటిలీ దగ్గర ఒక చిన్న ల్యాబులో చర్మ కణాలు పెంచుతుంది. ఒకప్పుడు గుంటూరులో డిగ్రీ పిల్లలకు జువాలజీ చెప్పిన మనిషి. ఇక్కడికి వచ్చాక పనిచేసే అనుమతి లేక తొమ్మిదేళ్లు ఇంట్లోనే ఉండిపోయింది. గ్రీన్ కార్డు వచ్చేసరికి నలభై ఆరేళ్లు. అయినా కాలేజీలో చేరి, శిక్షణ పొంది, టెక్నీషియన్ అయింది.

ఆ ల్యాబులో చూసేది చర్మం గట్టిపడే జబ్బు. అందులో కణాలు కొలాజెన్ అనే పీచు ప్రోటీన్‌ను అతిగా తయారుచేస్తాయి. దాన్ని తయారుచేసే పద్ధతి జన్యువులో ఉంటుంది. కణం ఆ జన్యువుకు నకళ్లు తీసి, వాటిని బట్టి ప్రోటీన్ చేసుకుంటుంది. రోగనిరోధక కణాలు కబురుగా విడుదల చేసే ఇంటర్‌ఫెరాన్ గామా తగిలితే ఈ నకళ్లు తగ్గిపోతాయి. నకలు తీయడమే ఆగుతోందా, తీసినవి తొందరగా చెడిపోతున్నాయా? అదీ వాళ్లు తేల్చుకోవలసింది.

ప్రయోగం చేస్తున్న శ్రేయాస్ ఇక్కడే పుట్టి పెరిగినవాడు. ఒక బుధవారం, ఇంటర్‌ఫెరాన్ వేసిన కణాల లెక్కలు చూసి నీరుగారిపోయాడు.

"ఆంటీ, కొలాజెన్ ఆల్మోస్ట్ జీరో. డోస్ ఎక్కువైంది, సెల్స్ అన్నీ డై అయిపోయాయి. ప్లేట్స్ పడేస్తాను."

"ఆగు నాన్నా. పొద్దున్నే మైక్రోస్కోప్‌లో చూశాను. చస్తే ఊడి పైకి తేలతాయి. ఇవి అడుక్కి అంటుకునే ఉన్నాయి."

"ఫ్రైడే మీటింగ్ ఉంది కదా! ఏం చూపించాలి?"

"ఇంకా తేలలేదని చెప్పు. సగం ప్లేట్లలో ఇంటర్‌ఫెరాన్ కడిగేద్దాం. మళ్లీ మొదలెడతాయేమో చూద్దాం. మిగతా సగంలో పాత నకళ్లు, కొత్తగా తీసినవి విడివిడిగా కొలిచి చూడు."

శుక్రవారం మీటింగులో ఇంకా తేలలేదన్నందుకు శ్రేయాస్ చీవాట్లు తిన్నాడు. శని, ఆదివారాలు జ్ఞానప్రసూన ఆష్‌బర్న్‌లోని ఇంటి నుంచి డ్రైవ్ చేసుకుంటూ వచ్చి కణాలకు కొత్త ద్రవం పోసింది. సోమవారానికి, కడిగిన ప్లేట్లలో కొలాజెన్ నకళ్లు సగానికి పైగా తిరిగొచ్చాయి. కడగని వాటిలో పాత నకళ్లు మామూలు వేగంతోనే చెడిపోతున్నాయి, కొత్తవి మాత్రం పుట్టడం లేదు. వేరే జన్యువుల పని యథాప్రకారం సాగుతోంది. అంటే కణం బతికే ఉంది. ఆ ఒక్క జన్యువుకే నకలు తీయడం ఆపేసింది.

రెండోసారి చేసినప్పుడు బూజు పట్టి అన్నీ పారబోయాల్సొచ్చింది. ఆవిడ మళ్లీ మొదటినుంచి కణాలు పెంచింది. మూడోసారీ, నాలుగోసారీ మొదటి ఫలితమే వచ్చింది.

పరిశోధన వ్యాసం రాసేటప్పుడు శ్రేయాస్ ల్యాప్‌టాప్ పట్టుకుని ఆవిడ బల్ల దగ్గరికి వచ్చాడు.

"ఆంటీ, మీ ఫుల్ నేమ్ చెప్పండి. రచయితల్లో మీరు సెకండ్."

ఆవిడ చేతి తొడుగులు తీసి, ఒక్కొక్క అక్షరమే చెప్పింది. వాడు పైకి చదవబోయి రెండుసార్లు తడబడ్డాడు. మూడోసారి సరిగ్గా పలికాడు.