ఆడొద్దని చెప్పనీకి బొంబాయి పోయిన

శుక్రవారం సాయంత్రం నాంపల్లిల బొంబాయి బండి ఎక్కిన. షికారుకు కాదు. మా మేనత్త బాలమ్మ ఫోన్ చేసి, "భాగ్యా, మా అనసూయ కాలు మడతపడ్డది. ఆదివారం ఫైనల్. జెర వచ్చి దాన్ని నిలబెట్టు బిడ్డా" అన్నది. అనసూయ ఆమె బిడ్డ. కామాటిపుర తెలుగోళ్ల ఆడపిల్లల కబడ్డీ టీంల కూతకు పోతే తిరుగులేని పిల్ల. నేను హైదరాబాద్‌ల క్రీడల హాస్టల్ల ట్రైనర్‌ను. ఆటగాళ్ల ఒంటిని ఆటకు తయారుచేసుడు, దెబ్బ తాకితే చూసుకునుడు నా కొలువు.

వికారాబాద్ దాటినంక సద్ది విప్పినం. ఎదురుసీటు పెద్దాయనకు షోలాపూర్ల మగ్గాలున్నయట. "బొంబాయిల యాడికి బిడ్డా?" అన్నడు.

"కామాటిపుర."

ఆయన చేతిల ముద్ద ఆగింది. ఆ పేరు చెప్తే లోకానికి యాదికొచ్చేది ఎర్రదీపాల గల్లీలే. "అక్కడికా! ఒక్కదానివా!"

"మా అత్త ఇల్లు అక్కడనే. కామాటోళ్లంటే కూలి చేసి ఆ ఊరి గోడలు లేపినోళ్లు. ఆ పేరు చెప్పనీకి నాకేం సిగ్గు?" అన్న. మనిషి మంచోడే, మామిడి తొక్కు పెట్టిండు. నా పని చెప్తే మాత్రం, "అంటే మాలిష్ చేస్తవా?" అన్నడు.

ఈ మాట విని విని నాకు ఒళ్లు మండుతది. మాలిష్‌ను నేను తక్కువ చెయ్య. మా పనికి పుట్టిల్లు కుస్తీలు నేర్పే తాలీంఖానానే, పహిల్వాన్ల ఒళ్లు పిసికిన ఉస్తాదులే మాకు తాతలు. తర్వాత ఫుట్‌బాల్ టీంల ఎనుక నీళ్ల బకెటు, స్పంజి పట్టుకొని ఉరికినోళ్లు వచ్చిండ్రు. ఆటగాడు లేవకుంటే వాళ్లను తిట్టిండ్రు, లేస్తే మరిచిండ్రు. ఫోటోల గూడ జాగ ఇయ్యలే. ఇప్పుడు ఎముక, కండ చదువుకొని మేం వచ్చినం. ఐనా లోకానికి ఒక్కటే ఎరుక, పిసికి లేపాలె! లేవొద్దని చెప్పుడు గూడ మా పనే అంటే ఎవ్వరు ఒప్పుకోరు.

పొద్దున పూణెల చాయ్, కర్జత్‌ల వడాపావ్. పగటీలి దాదర్ల దిగి, స్లో లోకల్ పట్టుకొని బైకల్లాల దిగిన. మీరు పోతే టాక్సీ వద్దు, నాగ్‌పాడా మీదికెళ్లి నడిచే పోవచ్చు. తోవ తప్పితే ఎవ్వరినైన తెలుగుల అడుగుండ్రి, జవాబు మరాఠీల వస్తది గని తోవ సక్కగనే చూపిస్తరు.

అత్తోళ్లది చాల్‌ల, అంటే వరుసగ అర్రలున్న పాత బిల్డింగుల, మూడో అంతస్తు, ఒక్కటే అర్ర. తలుపు కాడనే కాలిన ఇటుక వాసన. మేస్త్రీ పనుల ఇండ్లల్ల ఇది తాతలనాటి మందు. ఇటుకను పొయ్యిల కాల్చి, తడిగుడ్డ చుట్టి, జిల్లేడాకు ఏసి కాపడం పెడ్తరు. పాత నొప్పికి బాగనే ఉంటది. కొత్త బెణుకు మీద పెడితే ఇగ చూస్కో, వాపు పొంగుతది. అనసూయ చీలమండ బూరెలెక్క ఉబ్బింది.

"రెండు పూటల పెడుతున్నం" అని అత్త గొప్పగ చెప్పింది. ఇటుక పక్కకు పెట్టించి, ఫాక్‌లాండ్ రోడ్ల గోలా బండి కాడికెళ్లి ఐసు తెచ్చిన. కాలు ఒత్తి చూసిన. "ఈ వాసిన కాలు ఒక్కదాని మీదనే ఎగురు" అన్న. పిల్ల నేల తాకంగనే కెవ్వుమని నా మీద పడ్డది.

"ఆడదు" అన్న.

బట్టల మిల్లుల సమ్మె అయినంక మామకు పని లేదు. ఫైనల్ చూడనీకి ఒక బ్యాంకోళ్లు వస్తుండ్రు, బాగ ఆడితే నౌకరీ ఇస్తరట. ఇంటిల్లిపాది ఆశ ఆ కాలు మీదనే. అత్త నా మీదికొచ్చింది. "నిన్ను పిలిచింది ఆడించనీకి, ఆపనీకి కాదు!"

టీం కోచ్ దత్తన్న గూడ వచ్చిండు. "సుయ్యి పొడిపిస్త, నొప్పి తెల్వది. ఏ మాలిష్‌వాలీ, నువ్వు బాజూకు జరుగు."

"నొప్పి తెల్వకపోతేనే కాలు నాశనమైతది. దాన్ని దించినవనుకో, మైదానం నడుమ కూసుంట. నన్ను తొక్కి ఆడించుకో!"

అనసూయ నా చేతులు పట్టుకున్నది. "అక్కా, ఒక్క ఆట అక్కా." నాకూ ఏడుపొచ్చింది. నౌకరీ విలువ నాకు తెల్వదా? ఐనా వద్దన్న. ఆఖరుకు దత్తన్న తిట్టుకుంట వేరే పిల్లను దించిండు.

ఆదివారం ఓడినం. బ్యాంకోళ్లు అవతలి టీం పిల్లను ఏరుకున్నరు. సోమవారం దవాఖానల లిగమెంటు చీలిందని ప్లాస్టర్ ఏసిండ్రు, ఆడుంటే మొత్తమే తెగేదన్నరు. అది విని గూడ అత్త మెత్తబడలే. "కాలు మిగిలింది, కొలువు పోయింది. ఇగ ఏం తినాలె మేం?" అన్నది. ఆమె మాటల తప్పు లేదు. నా మాటల గూడ లేదు.

సంచి పట్టుకొని గల్లీలకు దిగిన. ఎవ్వరు సాగనంపలే. మూడో అంతస్తు కటకటాల కాడికెళ్లి అనసూయ కేకేసింది. "అక్కా! నీ మీద కోపం పోలే! మళ్ల టీం కడ్తరు, అప్పుడు గూడ ఆపితే చూస్కో!"

"కాలు వాస్తే అప్పుడు గూడ ఆపుత!" అని అంతకన్న గట్టిగ అరిచిన. గల్లీ అంత నిలబడి చూసింది. చూడనియ్.

తిరుగు బండిల కిటికీ సీటు దొరికింది. బొంబాయిల సముద్రం చూసినవా అని హాస్టల్ల అడుగుతరు. చూడలే. ఒక్క పిల్లను ఆటకు దించకుండ కూర్చోబెట్టొచ్చిన. అయినోళ్లందరు తిడుతుంటె కూర్చోబెట్టిన. వద్దనే హక్కు మాకు ఎవ్వరు రాసియ్యలే, నేనే తీసుకున్న. ఇగ ఇడువ.