అమ్మ అంగీలోని పుప్పొడి

మా అమ్మది ధరూర్ దగ్గర పత్తి విత్తనాల చేన్లలో క్రాసింగ్ పని, అంటే హైబ్రిడ్ విత్తనం కోసం చేత్తో పూలను కలపడం. సాయంత్రం ఆడ మొక్కల మొగ్గలు ఒలిచి కేసరాలు తీసేస్తుంది. పొద్దున్నే మగ పూలు తెచ్చి పుప్పొడి అద్ది, అద్దిన పూవుకు దారం కడుతుంది. చేతులు గీరుకుపోకుండా చీర మీద మగవాళ్ళ అంగీ తొడుక్కుంటుంది. నాదీ పుప్పొడి పనే. కాకపోతే నా పూలు వాడిపోయి వందల ఏళ్ళయింది.

తెలకపల్లి వైపు ఒక పాత చెరువు అడుగు నుంచి తెచ్చిన మట్టిని యాసిడ్‌లో ఉడికిస్తాను. అన్నీ కరిగిపోతాయి, పుప్పొడి గింజల పైగోడ తప్ప. అది మహా మొండిది. మైక్రోస్కోప్ కింద ఆ గోడ మీది ముళ్ళూ గుంటలూ, దాన్ని మోసే సన్నని స్తంభాలూ చూసి ఏ మొక్కదో చెప్తాం. ఆ మట్టి పేరుకున్న కాలంలో అక్కడ పత్తి వేశారా అన్నదే నా పరిశోధన. గడ్డి పుప్పొడి బోలెడంత దొరికింది, పత్తిది జాడే లేదు. అది దొరక్కపోతే ఇన్నాళ్ళ చాకిరీ మట్టిపాలే.

ఒక మధ్యాహ్నం దొరికింది. పెద్ద గుండ్రటి గింజ, ఒళ్ళంతా ముళ్ళు. సంతోషంతో మా గైడు సారుకు ఫోన్ చేయబోతూ ఇంకోసారి చూశాను. గింజ లోపల నిండుగా ఉంది. యాసిడ్‌లో ఉడికినదైతే ఉత్త డొల్ల మిగలాలి. అంటే ఇది చివర్లో, మైక్రోస్కోప్ కింద పెట్టే గాజు పలక తుడిచేటప్పుడు వచ్చి పడింది. తుడిచిన గుడ్డ, మెత్తగా ఉంటుందని అమ్మ తన పాత అంగీ చింపి ఇచ్చిన ముక్క. అక్కడే కూర్చుని ఏడ్చాను.

ఆ వారం ఇంటికి వెళ్ళి పలక చూపించి సంగతంతా చెప్పాను.

"అది పూవుకు పోవాల్సింది బిడ్డా. గిట్లొచ్చి నీ కొంప ముంచింది" అని అమ్మ నొచ్చుకుంది. పలకను వెలుతురుకు ఎత్తి చూసింది. ఏమీ కనబడలేదు. "ఎన్ని దినాలుంటది ఇది?"

"మట్టిల పడితే దాని గోడ వందల ఏండ్లుంటది."

"అయితే నాకన్న ఎక్కువనే ఉంటది" అని పలక నా చేతిలో పెట్టి, పొయ్యి దగ్గరికి పోయింది.

చెరువు మట్టిలో పత్తి ఇంతవరకూ దొరకలేదు. ఆ పలకను మాత్రం పారేయలేదు. మిగతా పలకల మీద మట్టి ఎంత లోతుదో రాసి ఉంటుంది. దాని మీద అమ్మ పేరు రాశాను.